పాసేజీలో లేని జవాబు

ప్రొద్దుటూరులో ఎవురింటికన్నా పోయి ఒక గ్లాసు టీ తాగి రావాలంటే శానా ఓపిక కావాల. ఉత్త దాహం ఉంటే చాలదు. మొదట వాళ్లు అడగాల, మనం వద్దనాల. మళ్లా అడగాల, ఇప్పుడే తాగొస్తిమి అనాల. మూడోసారి ఇంటామె లోపల గ్లాసులు చప్పుడు చేస్తే, మీకు ఊరికే శ్రమ అని ముఖం ఒకరకంగా పెట్టుకోని, సగం గ్లాసు చాలని చెప్పి, నిండుగ్లాసు తాగాల. ఈ తతంగమంతా అయ్యేలోగా టీ చల్లారిపోతాది. ఊర్లో సగం మంది చల్లారిన టీ తాగి తాగే ముసిలోళ్లయినారు. అయినా ఈ పద్ధతి మారుస్తామని ఇంతవరకూ ఏ ఎలక్షన్లోనూ ఎవురూ హామీ ఇయ్యలా.

ఈ పద్ధతి తెలీని మనిషి ఊరు మొత్తం మీద ఒక్కడే ఉండాడు. ఇంగ్లీషు లెక్చరర్ జయరాజు సార్. ఆయప్ప ఒక్కసారే అడుగుతాడు. టీ తాగుతారా అంటాడు. వద్దులే సార్ అంటే సరే అంటాడు. అంతటితో ఆ టీ చరిత్ర ముగిసిపోతాది. ఎదురింటి అజ్మతుల్లా రిటైరైన బస్సు కండక్టరు, పదకొండేండ్లుగా ఆ ఇంటికి వస్తా పోతా ఉండాడు. ఈ పదకొండేండ్లలో జయరాజు చేతిమీద ఆయప్పకు ఒక్క టీ పుట్టలా. అందుకని ముందు గేటు కాడ నిలబడి, సారు పెండ్లాం సునీత ఇంట్లో ఉందా లేదా కనుక్కోని, ఉంటేనే చెప్పులు విడుస్తాడు.

"కావాలంటే కావాలని చెప్పొచ్చు గదా, నోరు లేదా ఆ మనిషికి?" అంటాడు జయరాజు.

"నోరుంది కాబట్టే వద్దన్యాడు" అంటాది సునీత.

ఈ మాటకు అర్థం ఆయప్పకు తెలీదు. ఇంగ్లీషు చెప్పేవాళ్లకు వద్దంటే వద్దనే, అవునంటే అవుననే. ఇరవై ఆరేండ్లు ఒకటే జూనియర్ కాలేజీలో ఆయప్ప ఇదే చెప్పినాడు. పోయిన జూన్లో ఆ కాలేజీవాళ్లు ఒక శాలువా, ఒక గోడగడియారం ఇచ్చి పంపించి, ఇంగ్లీషుకు వీడియో పాఠాలు పెట్టుకున్యారు. గడియారాన్ని హాల్లో తగిలించినారు. అది పది నిమిషాలు ముందు పోతాది. కాలేజీ వాళ్ల మాదిరే, దానికీ తొందర.

ఇప్పుడు ఆయప్ప చేస్తాండే పని కొంచెం విచిత్రమైంది. చైనాలో మన ఇంటర్ మాదిరి చదువులో ఉండే పిల్లోళ్లకు ఇంగ్లీషు పరీక్ష ఉంటాది. దాంట్లో ఒక పాసేజీ ఇస్తారు, అది చదివి కింద ప్రశ్నలకు కరెక్టు జవాబు మీద టిక్కు పెట్టాల. ఆ పిల్లోళ్లు చదివి చదివి ఆ దేశంలో ఉండే పాసేజీలన్నీ అయిపోగొట్టినట్టుండారు, బెంగుళూరులో ఉండే ఒక ఆఫీసు ఆ దేశానికి కొత్తవి రాయించి పంపిస్తాంది. ఒక పాసేజీ అంటే మూడొందల మాటలు, నాలుగు ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, ఒక కీ. వాళ్లిచ్చిన పట్టీలో మూడువేల అయిదొందల మాటలుంటాయి, అవి దాటకూడదు. దేవుడు ఉండకూడదు. రాజకీయం ఉండకూడదు. కొట్లాటలు ఉండకూడదు. కడప జిల్లాలో ఈ మూడూ తీసేస్తే రాయడానికి ఇంకేం మిగులుతాదని ఆయప్పకు మొదట్లో దిగులు పట్టుకునింది.

ట్రయల్ కింద అయిదు పాసేజీలు రాయాల. అయిదింట్లో ఒక్కటన్నా పాసైతే పని ఇస్తారు, లేదంటే లిస్టులోంచి పేరు తీసేస్తారు. నీటి పొదుపు మీద ఒకటి, ఒక సైంటిస్టు జీవితం మీద ఒకటి, పొద్దున్నే లేస్తే వచ్చే లాభాల మీద ఒకటి, మూడూ తిరిగొచ్చినాయి. నాలుగోది క్రమశిక్షణ మీద రాసినాడు. దాన్ని చైనాలో ఏదో ఊరి స్కూల్లో నలభై మంది పిల్లోళ్లకు ఇచ్చి చూస్తాండామని మెసేజి వచ్చింది.

సోమవారం పదిగంటలకు ఆ రిజల్టు వచ్చింది. నాలుగు ప్రశ్నలకూ నలభైకి నలభై మంది కరెక్టు.

ఆయప్ప సర్వీసు మొత్తం మీద ఇట్లాంటి రిజల్టు చూడలా. వంద శాతం వస్తే కాలేజీవాళ్లు పిల్లోళ్ల ఫోటోలతో ఎద్దులబండంత ఫ్లెక్సీ కట్టిస్తారు. చైనా పిల్లోళ్ల ఫోటోలు లేవు కాబట్టి ఫ్లెక్సీ కుదరదని, అంగడికి పోయి అరకిలో కోవా తెచ్చినాడు. సునీత రెండు తినింది. అజ్మతుల్లాకు చూపిచ్చినాడు. వద్దులే సార్, షుగరు అన్యాడు అజ్మతుల్లా. సరే అని మూత పెట్టినాడు జయరాజు. పక్కింట్లో అడిగినాడు, ఇప్పుడే తినింటిమి అన్యారు. మేడమీద అడిగినాడు, ఎందుకు సార్ ఇవన్నీ అన్యారు. వీధంతా తిరిగొచ్చేసరికి అరకిలోకు రెండు తక్కువ కోవా డబ్బాలో అట్లే ఉంది.

పదకొండున్నరకు బెంగుళూరు నుంచి సనా ఫోన్ చేసింది. ఆ ఆఫీసులో ఈయప్ప పాసేజీలు చూసేది ఆ పిల్లే. ఒకప్పుడు ఈయప్ప దగ్గరే చదివింది, మైదుకూరు రోడ్డు పిల్ల. ఈ పని ఉందని చెప్పిందీ ఆ పిల్లే.

"సార్, నాలుగోది కూడా తీసుకోలేదు సార్."

"వంద శాతం వచ్చింది గదమ్మా."

"అందుకే సార్. నలభైకి నలభై వస్తే ఆ ప్రశ్న పనికిరాదు. పిల్లోళ్లు పాసేజీ చదవకుండానే పెట్టేసినారు. ప్రశ్నలో మాట పట్టుకోని పైన వెతికితే ఆ లైను దొరుకుతాది, ఆ లైన్లోనే జవాబు ఉంటాది."

"జవాబు పాసేజీలో లేకపోతే ఇంక యాడుంటాది?"

సంగతులు మాత్రమే పాసేజీలో ఉండాలనీ, వాటిని కలుపుకోని జవాబు పిల్లోళ్లే తెలుసుకోవాలనీ సనా నిదానంగా చెప్పింది. జయరాజు దానికి ఒప్పుకోలా. పిల్లోళ్లు సొంతంగా తెలుసుకోవడం మొదలుపెడితే పేపరు దిద్దేదెట్ల అన్యాడు.

"ఫస్టియర్ హాఫియర్లీలో నేను సొంతంగా రాసింటి సార్. మీరు రెండు మార్కులు కోసి, నాట్ ఇన్ ద పాసేజ్ అని ఎర్రపెన్నుతో రాసింటిరి."

ఆ పిల్ల కోపంగా ఏమీ అనలా. బస్సు టైమింగులు చెప్పినట్టు చెప్పింది. జయరాజుకు గుర్తు రాలా. ఆ నాలుగు మాటలు ఆయప్ప ఎన్ని వేల పేపర్ల మీద రాసినాడో ఆయప్పకే తెలీదు. చివరికి ఆ పిల్ల, ఇంకొక్కటి ఉంది సార్, శుక్రవారం పిల్లోళ్లకు ఇచ్చి చూసేది కాబట్టి గురువారం మధ్యాహ్నానికి పంపండి, ఈసారి పెద్ద విషయాలు వద్దు, మీరు కండ్లతో చూసిందేదన్నా రాయండి అని చెప్పి పెట్టేసింది.

జయరాజు డబ్బా తెరిచి వరసగా నాలుగు కోవాలు తిన్యాడు. పిల్లోళ్లందరికీ జవాబు రావాలని బతుకంతా అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటే, ఇప్పుడు అందరికీ రాకూడదంట. కొందరికి రావాలంట, కొందరికి రాకూడదంట. అట్లాంటి రిజల్టు ఆయప్ప ఏ కష్టమూ లేకుండా ప్రతి ఏడాదీ తెచ్చినాడు, అప్పుడు ప్రిన్సిపాల్ తిట్టె.

మంగళవారం సునీత ఆయప్పను జమ్మలమడుగుకు తరిమింది. ఆడ ఆయప్ప అక్క జ్ఞానమ్మ ఉండాది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరై, బస్టాండు వెనక సందులో ఉంటాది. పింఛను కాగితం మీద సంతకం పెట్టించి బ్యాంకులో ఇయ్యాల, నెలాఖరు దగ్గరికొచ్చింది. ఇంట్లో కూర్చోని గడియారాన్ని తిట్టుకునే బదులు పోయి రాపో, ఆ కోవా కూడా తీసుకోనిపో అనింది సునీత. ఆయప్ప బస్సులో కిటికీ పక్కన కూర్చోని, ఒళ్లో డబ్బా పెట్టుకోని, కండ్లతో చూసింది రాయాల్నంట అని సనా మీద గొణుక్కుంటానే పోయినాడు. చూసింది రాయడానికి నేనేమన్నా పోలీసా అనుకున్యాడు.

జ్ఞానమ్మ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకోని కందిబేడలు ఏరుతాంది. తల చాట మీద లేదు, వీధివైపు ఉంది. వేళ్లు మాత్రం బేడల్లో తిరుగుతాండాయి. రాయి తగిలితే తీసి పక్కకు యిసురుతాంది. జయరాజు మెట్టు కాడ నిలబడినాడు. ఆయమ్మ ఆయప్పవైపే చూసి, "ఎవురూ?" అనింది.

"నేనే అక్కా."

"నువ్వారా. గడ్డం పెంచినావేమో అనుకుంటి."

జయరాజు గడ్డం తడుముకున్యాడు. పొద్దున్నే గీసుకున్యాడు. అక్కకు ఎప్పుడూ ఎకసెక్కాలే అనుకోని లోపలికి పోయినాడు.

ఆయమ్మ టీ పెట్టింది. గ్లాసులో పోసేటప్పుడు చూపుడువేలు గ్లాసు అంచుకు లోపల ఆనిచ్చి, టీ వేలికి తగలంగానే ఆపింది. అయినా కొంచెం బండ మీద ఒలికింది. చక్కెర రెండుసార్లు వేసింది. పాకం మాదిరి ఉంది టీ. నాకు తీపి ఇష్టమని అక్కకు ఇంకా గుర్తుందే అనుకోని తాగినాడు. కోవా డబ్బా ముందు పెట్టి తింటావా అన్యాడు. ఇప్పుడొద్దులే అనింది. సరే అన్యాడు.

పింఛను కాగితం తీసి చదువుకోని సంతకం పెట్టమన్యాడు. చదివేదేముంది, ఏటేటా అదే గదా అని ఆయమ్మ పెన్ను తీసుకునింది. ఈడ అని జయరాజు వేలు పెట్టి చూపిచ్చినాడు. ఆయమ్మ ఆయప్ప వేలిని తడిమి, దాని పక్కనే మొదలుపెట్టింది. సంతకం గళ్లో మొదలై, గీత దాటి, పైన అచ్చులో ఉండే బ్యాంకు పేరు మీదికి ఎక్కింది. గళ్లో పెట్టాలక్కా అని జయరాజు, కాలేజీ పిల్లోళ్లను కసిరినట్టు కసిరినాడు. ఇంకో కాగితం తెచ్చుకుంటి కాబట్టి సరిపోయింది అన్యాడు. రెండోదాంట్లో సంతకం సగం గళ్లో పడింది. ఆయప్ప దానికి ఆరు మార్కులు వేసి జోబీలో పెట్టుకున్యాడు.

మాటల్లో చర్చి సంగతి వచ్చింది. ముప్పై ఏండ్లుగా ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది జ్ఞానమ్మే. ఇప్పుడు మానుకున్యానని, పక్క సందులో ఉండే పాల్ రాజు కూతురు జెస్సికా చదువుతాందని చెప్పింది.

"ఏమిటికి మానుకుంటివి?"

"వయసు పిల్లోళ్లు నేర్చుకోవాల్నా వద్దా? ఎంతకాలమని మనమే పట్టుకోని వేలాడేది."

ఈ మాట జయరాజుకు శానా నచ్చింది. కాలేజీవాళ్లు తనతో చెప్పాల్సిన మాట అక్క తనంతట తానే చెప్పుకునింది, శాలువా కూడా అడగలా. ఆయమ్మ గూట్లోంచి బైబిలు తీసి ఇచ్చి, కీర్తనల్లో యాడన్నా ఒకటి చదవరా, నీ గొంతు విని శానా దినాలాయ అనింది. జయరాజు గొంతు సవరించుకోని, క్లాసులో మాదిరి, విరామం ఉండేచోట విరామం ఇచ్చి చదివినాడు. ఆయమ్మ కండ్లు మూసుకోని వినింది. ఇరవై ఆరేండ్లలో ఇంత శ్రద్ధగా విన్న స్టూడెంటు ఆయప్పకు దొరకలా. అందుకని అడక్కుండానే ఇంకో రెండు కీర్తనలు చదివినాడు.

పోయే ముందు, "నీకేమన్నా కావాల్నా అక్కా?" అన్యాడు.

"నాకేం కావాలరా. బాగుండా."

"సరే" అన్యాడు జయరాజు.

ఆయమ్మ సందు చివర్దాకా సాగనంపనీకి వచ్చింది, ఎడమచెయ్యి ఇండ్ల గోడలకు ఆనిచ్చుకుంటా. ఎక్కువగా నడిస్తే మోకాళ్లు నొస్తాయి పాపం అనుకున్యాడు. ప్రొద్దుటూరు బస్సు కదిలినాక కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, అక్క ఈ బస్సుకు కాకుండా వెనకాల నిలబడిన ముద్దనూరు బస్సుకు చెయ్యి ఊపుతాంది. జయరాజుకు నవ్వొచ్చింది. బస్సు సున్నపురాళ్లపల్లె దాటకముందే ఆ నవ్వులోంచి అయిదో పాసేజీ పుట్టింది.

బుధవారమంతా రాసినాడు. జ్ఞానమ్మ 'ఆంట్ గ్రేస్' అయింది. దేవుడు ఉండకూడదు కాబట్టి చర్చి 'టౌన్ లైబ్రరీ' అయింది, వాక్యం 'ఓల్డ్ స్టోరీస్' అయినాయి. కందిబేడలు పట్టీలో లేవు, బియ్యం అని మార్చినాడు. చాట ఎట్ల చెప్పాల్నో తెలీక పళ్లెం చేసినాడు. కోవాను 'కేక్' చేసినాడు, దానికి మాత్రం ఆయప్ప మనసు నొచ్చింది. మిగతాదంతా ఉన్నదున్నట్టే రాసినాడు. టీలో వేలు, రెండుసార్లు చక్కెర, గీత దాటిన సంతకం, గోడ మీద చెయ్యి, వేరే బస్సుకు టాటా. ఒక ముసిలామె ముద్దుముద్దు చేష్టలు, నవ్వుకుంటా చదువుకుంటారు అనుకున్యాడు.

మూడు ప్రశ్నలు సులభంగా కుదిరినాయి. నాలుగోదాంట్లో, సనా చెప్పింది గదా అని, జవాబు పాసేజీలో నేరుగా లేకుండా చూసుకున్యాడు. ఆంట్ గ్రేస్ లైబ్రరీలో చదవడం ఏమిటికి మానుకునింది? ఏ, వయసు పిల్లోళ్లకు అవకాశం ఇయ్యాలని. ఇది కీ. బీ, లైబ్రరీవాళ్లతో మాట పట్టింపు వచ్చి. డీ, ఊరు మారినందువల్ల. సీ మాత్రం ఎంతసేపు ఆలోచించినా తట్టలా. తప్పు ఆప్షన్లు రాయడం కరెక్టు ఆప్షన్ రాయడం కంటే కష్టం, అబద్ధమైనా నమ్మేటట్టుండాల. పెన్ను కొరుక్కుంటా చుట్టూ చూస్తే గోడ మీద క్యాలెండరు కనపడింది. పులివెందులలో ఒక కంటి డాక్టరు వేయించిన క్యాలెండరు, నెలకొక కన్ను బొమ్మ ఉంటాది. ఫిబ్రవరి కన్ను ఆయప్పనే చూస్తాంది. సరే పో అని, సీ, ఆమెకు కంటిచూపు తగ్గిపోయినందువల్ల అని నింపినాడు.

గురువారం పదకొండుకు పంపించినాడు. గంటలో సనా మెసేజి పెట్టింది. సార్, శానా బాగుంది సార్, మీరు రాసినవాటిల్లో ఇదే మొదటి పాసేజీ అని. మిగతా నాలుగూ ఏందో ఆ పిల్ల చెప్పలా, ఈయప్ప అడగలా.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్యాక రిజల్టు వచ్చింది. మొదటి మూడు ప్రశ్నలకు కొందరు కరెక్టు, కొందరు తప్పు, వాళ్లు కోరుకున్నట్టే. నాలుగో ప్రశ్నకు 'ఏ' పెట్టినోళ్లు ఇద్దరు. 'బీ' పెట్టినోడు ఒకడు. మిగతా ముప్పై ఏడు మందీ 'సీ' పెట్టినారు.

జయరాజు అన్నం పక్కకు జరిపి సనాకు ఫోన్ చేసినాడు. ముప్పై ఏడు మంది తప్పు చేసినారంటే కాపీ కొట్టినారు, పక్కోడి పేపర్లో చూసి రాసింటారు, ఆడ ఇన్విజిలేటర్లు ఏం చేస్తాండారు అని మొదలుపెట్టినాడు. సనా ఆయప్పను పూర్తిగా మాట్లాడనిచ్చింది.

"ప్రశ్న బాగుంది సార్. కీ తప్పు. 'ఏ' తీసి 'సీ' పెట్టండి, ఈరోజే పాస్ చేసేస్తారు. మీకు పని వచ్చినట్టే."

"కీ ఎట్ల తప్పయితాది? ఆమె సొంతనోటితో చెప్పింది గదా, పాసేజీలోనే ఉంది!"

"చెప్పింది సార్. కానీ ఆమె టీలో వేలు పెట్టింది. సంతకం గీత దాటింది. తమ్ముడు ఎదురుగా నిలబడితే ఎవురూ అనింది. వేరే బస్సుకు చెయ్యి ఊపింది."

"నేను ఆడే ఉన్నాన్లేమ్మా! నా అక్క అది. ఆ పిల్లోళ్లు ఆమెను చూసినారా ఏమన్నా?"

"చూడలా సార్. వాళ్లు మీరు రాసింది చదివినారు, అంతే."

ఫోన్లో ఎవురో ఆఫీసులో నవ్వుకుంటాండే శబ్దం వినపడింది. సనా గొంతు తగ్గించి, "సార్, నిజంగా మీ అక్కేనా సార్?" అనింది. జయరాజు దానికి జవాబు చెప్పకుండా, "నీ రెండు మార్కులు నీకు ఇయ్యాలమ్మా" అన్యాడు. వద్దులే సార్, ఇప్పుడు అవేం చేసుకుంటా అనింది సనా. సరే అన్యాడు జయరాజు. అనేసినాక నాలుక కరుచుకున్యాడు గానీ, అప్పటికి ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

ఆయప్ప లాప్‌టాప్ తెచ్చుకోని తన పాసేజీ తానే మొదట్నుంచి చదివినాడు. మళ్లా చదివినాడు. వంటింట్లో సునీత గిన్నెలు సర్దుతా, ఏమప్పా అన్నం చల్లారిపోతాంది అనింది. చదివేది విను అన్యాడు. ఇంగ్లీషు చదువుకుంటా, తెలుగులో చెప్పుకుంటా పోయినాడు. ఆంట్ గ్రేస్‌ను అక్క చేసినాడు, బియ్యాన్ని బేడలు చేసినాడు, లైబ్రరీని చర్చి చేసినాడు. రెండో పేరాలోనే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సునీత కొంగుతో చేతులు తుడుచుకుంటా వాకిలి కాడికి వచ్చి నిలబడింది.

"వదిన టీలో వేలు పెట్టిందా?"

"ఊఁ."

"ఏటికి పెట్టిందనుకున్యావు నువ్వు?"

"వేడి చూసుకుంటాంది అనుకుంటి."

సునీత కుర్చీ లాక్కోని కూర్చునింది. పోయిన క్రిస్మస్సుకు పోయినప్పుడు జ్ఞానమ్మ వంటంతా ఆమె చేతనే చేయించిందంట. నీ చేతి వంట తినాలనుంది సునీతా అని పీటేసుకోని పక్కనే కూర్చునిందంట. "నేను మురిసిపోతి" అనింది సునీత. "కారం యాడుంది వదినా అంటే, నీ ఇల్లే గదా, వెతుక్కో అనింది. నేను దానికీ మురిసిపోతి."

చైనాలో ముప్పై ఏడు మంది, పదహారు పదిహేడేండ్ల పిల్లోళ్లు, జమ్మలమడుగు ఏ దిక్కున ఉందో తెలీనోళ్లు, గంట కొట్టేలోగా పది నిమిషాల్లో జ్ఞానమ్మ కండ్ల సంగతి కనిపెట్టినారు. రాసినోడు ఎంఏ ఇంగ్లీషు. ఆమె చెయ్యి పట్టుకోని బడికి పోయినోడు.

జయరాజు 'ఏ' మీద నొక్కి తీసేసి, 'సీ' మీద నొక్కినాడు. ఒక్క సెకను పట్టింది. సర్వీసు మొత్తం మీద ఆయప్ప కీ మార్చడం ఇదే మొదటిసారి. ఒకసారి కీ అచ్చులోనే తప్పు పడితే, పిల్లోళ్లందరికీ మార్కులు కోసినాడు గానీ కీ మార్చలా. నాలుగింటికి సెలెక్టెడ్ అని మెసేజి వచ్చింది. ఈసారి ఎవురూ కోవా తేలా. ఆయప్ప లేచిపోయి క్యాలెండరు కింద ఉండే నెంబరుకు ఫోన్ చేసినాడు. శనివారం సాయంత్రం అయిదు దాకా డాక్టరు ఉంటాడు, రమ్మని చెప్పినారు. బడలికగా కూర్చోని, చల్లారిపోయిన అన్నం తిన్యాడు.

శనివారం పొద్దున పదింటికి జమ్మలమడుగులో దిగినాడు. ఒంటిగంటకు పులివెందుల బస్సు ఉంది. జ్ఞానమ్మ వాకిట్లోనే ఉంది. ఈసారి ఆయప్ప మెట్టు కాడికి రాకముందే, సందులోనుంచే, "అక్కా, నేను జయరాజును" అని చెప్పుకుంటా వచ్చినాడు. ఆయమ్మ చేతులు చాట మీద ఆగిపోయినాయి. లేచి టీ పెట్టనీకి పోయింది. నేను పోస్తాలే అని జయరాజు గిన్నె అందుకున్యాడు. ఆయమ్మ ఇయ్యలా. ఇద్దరూ ఒక గిన్నెను చెరో పక్క పట్టుకోని కొంచెంసేపు నిలబడినారు. తర్వాత ఆయమ్మ వదిలేసింది.

మళ్లా వాకిట్లో కూర్చోని టీ తాగుతా జయరాజు అడిగినాడు. "అక్కా, పులివెందులకు పోయి కండ్లు చూపిచ్చుకోని వద్దాం రా."

"నా కండ్లకేమైంది రా. బాగుండాయి."

సరే అనే మాట అలవాటు కొద్దీ పళ్ల దాకా వచ్చింది. ఆయప్ప దాన్ని మిగిలిన టీతో పాటు లోపలికి మింగినాడు. బస్సు కూడా ఉందని రెండోసారి అడిగినాడు, టైము చెప్పినాడు. ఎండ శానా ఉంది, ఇప్పుడెవురు పోతారు అనింది. మూడోసారి అడిగినాడు. వద్దంటి గదరా అనింది. టీ లెక్క ప్రకారం మూడోసారికి పని జరగాల, జరగలా. కండ్లకు వేరే లెక్క ఉన్నట్టుంది, అది ఆయప్పకు ఎవురూ నేర్పియ్యలా. నాలుగోసారి అడిగినాడు. ముప్పై ఏండ్లు ఆస్పత్రిలో ఉన్నదాన్ని, నాకు తెలీదా నా ఒళ్లు సంగతి అని గట్టిగా అనింది. అన్న తర్వాత, చాటలో ఏరిన బేడలూ ఏరని బేడలూ మళ్లా కలిపేసింది.

అయిదోసారి అడిగినాడు. గొంతు లెక్చరర్ గొంతు మాదిరి లేదు.

"వద్దులేరా. నీకు పనుంటాది" అనింది జ్ఞానమ్మ. చాట పక్కన పెట్టి, మళ్లా, "బస్సు ఎన్నింటికి అంటివి?" అనింది.

"ఒంటిగంటకు."

"వద్దులే" అనింది. అని, కాలితో మెట్టు కింద తడుముతా చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టింది. ఒక చెప్పు దొరికింది. వేసుకునింది. రెండోది దొరకలా. జయరాజుకు కనపడతాంది అది, మెట్టుకు అవతల బోర్లా పడి ఉంది. తీసిస్తే, కండ్లు కనపడవని ముఖం మీద చెప్పినట్టయితాదేమో. తీసియ్యకపోతే బస్సు పోతాది. ఊరికే చెప్పు వేసుకునిందా, పోనీకి వేసుకునిందా, అదీ తెలీదు. ఇట్లాంటిదే పాసేజీలో రాసి మొన్ననే తప్పు కీ పెట్టినోడికి, తన తెలివి మీద నమ్మకం పోయింది.

అయ్యా, అమ్మా, ఇది చదివే మీరు ఆయప్ప కంటే బాగా చదివేవాళ్లే ఉంటారు. ఆమె 'వద్దులే' అనింది. ఒక చెప్పు వేసుకోని ఉండాది. ఇప్పుడు ఆయప్ప ఆరోసారి అడగాల్నా, ఏమీ అడక్కుండా వంగి ఆ రెండో చెప్పు కాలి దగ్గర పెట్టాల్నా? మీకు తెలిసుంటే చెప్పండి సామీ, మీ కాళ్లు పట్టుకుంటా. కొంచెం బిన్నా చెప్పండి. పన్నెండూ నలభై అయింది, డ్రైవరు టీ తాగనీకి పోయినాడు. దుడ్లిచ్చి తాగేవాళ్లను అంగట్లో ఎవురూ మూడుసార్లు అడగరు, ఊరికే తాగేసి వచ్చేస్తాడు.